గోడలు మిగిలినను



1972లో ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ వెడలగొట్టిన ఆసియావాసులలో అనేకులు ఇంగ్లండులోని లెస్టరు నగరము చేరిరి. తూర్పు ఆఫ్రికానుండి వచ్చిన జైనులు అచట పూర్వము క్రైస్తవుల ప్రార్థనామందిరమైన కట్టడమును జినాలయముగా మార్చి, 1988లో ప్రతిష్ఠ జరిపిరి. ఇది సంతోషింపదగినదే; కాని ఆలోచింపదగినది కూడను. ఆ గోడలు కట్టినవారును తమ మనుమలు అచటనే ప్రార్థింతురని తలంచిరి కదా!

2021 జనగణనలో ఇంగ్లండు, వేల్సులందు నూటికి 37 మంది తమకు మతము లేదనిరి. ఆ గాలి మన యిండ్లకు రాదనుకొనరాదు. “ఎందుకు?” అని అడుగు బిడ్డను గద్దింపక, తెలిసినంత చెప్పవలెను. తండ్రి 48 నిమిషములు సామాయికమున కూర్చుండి, పిదప అంగడిలో తూకము తగ్గించినచో, బిడ్డకు ధర్మముపై విశ్వాసము ఆ త్రాసుకడనే తొలగును. ఆలయమును ధనముతో కట్టవచ్చును. దానిని నిలుపునది నడవడియే.

జై జినేంద్ర!