మన పొరుగున నున్న నమ్మనివారు

ధ్యానభాగము: రోమా 2:14–24, మత్తయి 21:28–32



దేవుడు లేడని చెప్పు మనుష్యుని గూర్చి మనమేమి తలంచవలెనో అనేక ప్రసంగములలో వినియున్నాము. అయితే ఆయన మనలను గూర్చియు, ఇతర మతస్థులను గూర్చియు ఏమి తలంచుచున్నాడో మనలో విచారించువారు అరుదు. ఆయన ఎక్కడనో దూరదేశమున లేడు. మన వీధిలోనే కాపురమున్నాడు, మన బావిలోని నీళ్లే త్రాగుచున్నాడు. అందుచేత ఈ మాసము ఈ సంగతిని కొంచెము ఆలోచింతము.

రాజాములో మా ఇంటి ప్రక్క ఉద్యోగము విరమించిన ఒక ఉపాధ్యాయులు కలరు. ఆయన ఏ గుడికిని వెళ్లరు, ఏ కూటమునకును రారు. అయినను పోలిపల్లి పైడితల్లి అమ్మవారి యాత్రకు బంధువులు వచ్చినయెడల వారికి వండించి పెట్టుదురు. రంజానునాడు ముసల్మాను మిత్రుని ఇంట సేమ్యా పాయసము త్రాగుదురు. క్రిస్మసునాడు మేము పంపిన అరిసెలను సంతోషముతో పుచ్చుకొందురు. ఒకనాడు నేను నవ్వుచు, “మాస్టారూ, అన్ని పండుగలూ మీవే గాని ఒక్క దేవుడూ మీవాడు కాడు” అంటిని. “పెట్టే చెయ్యిని చూసి తింటాను తమ్ముడూ, పండుగ పేరు చూసి కాదు” అని వారు జవాబిచ్చిరి.

ఇప్పుడు నా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రితము మా ఇంట జరిగిన ప్రార్థన కూటములో నేను ఆయన పేరు ఎత్తి, హృదయము కఠినపరచుకొనిన ఈ మనుష్యుని మార్చుమని బిగ్గరగా ప్రార్థించితిని. కిటికీలు తెరచియుండెను. ఆయన విన్నారు. కోపపడలేదు. మూడు నాలుగు దినములైన తరువాత అరుగుమీద కూర్చుండి నాతో ఇట్లనిరి: “నా కోసం ప్రార్థించావని బాధ లేదు తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా గోడ పక్కనే ఉన్నాను. నేనెందుకు నమ్మనో నువ్వొక్కసారీ అడగలేదు. దేవుడికి చెప్పే ముందు నన్ను అడగవలసింది.”

నాకు తల ఎత్తుటకు ముఖము లేకపోయెను. ఆ సాయంకాలమే అడిగితిని. ఆయనకు పది సంవత్సరముల వయస్సున తండ్రి మరణించెనట. పదిమంది ఎదుట తల్లి గాజులు పగులగొట్టి, ఆమెను చీకటి గదిలో కూర్చుండబెట్టిరట. కర్మకాండల ఖర్చునకు ఉన్న కొద్ది పొలమును తాకట్టు పెట్టిరట. “దేవుడు మంచివాడైతే అమ్మకిది ఎందుకు?” అని పిల్లవాడు అడుగగా ఒక పెద్దమనిషి చెంపమీద కొట్టెనట. ఆ ప్రశ్నకు ఆయనకు దొరికిన జవాబు అదియొక్కటే.

మరియొకరి సంగతి చెప్పెదను. మన వంటి ఒక సంఘములో పెరిగిన యువకుడు ఇప్పుడు ఆరాధనకు వెళ్లుట మానివేసెను. గుళ్లలోని శిల్పములను గూర్చి ఆదరముగా మాటలాడును, మసీదులోని నిశ్శబ్దమును మెచ్చుకొనును. చర్చి పేరు చెప్పగానే మాత్రము అతని మాట కరకుగా నుండును. ఏలయనగా, ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొనిన పెద్దలు పెండ్లి సంబంధము వచ్చినప్పుడు కులమడుగుట అతడు కన్నులార చూచెను.

ఈ ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినయెడల మనకొక సత్యము బోధపడును. నమ్మనివారు మతములన్నిటిని ఒకే త్రాసులో తూచుదురని మనమనుకొందుము. అది సరికాదు. తమమీద అధికారము చేసిన మతమునే వారు గట్టిగా నిలదీయుదురు. ఎక్కడ దెబ్బ తగిలెనో అక్కడనే నొప్పి. పొరుగు మతము వారికి పండుగనాటి అతిథివంటిది గనుక దానియందు మర్యాద చూపుదురు. లోకములోను ఇట్లే జరిగినది. ఫ్రాన్సు దేశమున రాజ్యమును మతమును వేరుచేసిన 1905వ సంవత్సరపు చట్టము ముఖ్యముగా అచ్చటి కతోలిక సంఘ ప్రాబల్యముతో వచ్చిన కలహమునుండి పుట్టినది. తమిళదేశమున పెరియార్ రామస్వామిగారు తాను పుట్టి పెరిగిన సమాజపు ఆచారములమీదనే అధికముగా పోరాడిరి. కాబట్టి నమ్మనివాడు మనలను నిందించునప్పుడు, “ఇతరులనేమియు అనడేమి?” అని అడుగుటకు ముందు, “మన చేత ఇతనికి ఏ దెబ్బ తగిలినది?” అని అడుగుట న్యాయము.

మన తెలుగు దేశమున ఇందుకు మంచి దృష్టాంతము గోరాగారిది. గోపరాజు రామచంద్రరావుగారు 1902లో గంజాము జిల్లా ఛత్రపురమున పుట్టిరి. దేవుని గూర్చిన తన అభిప్రాయము ప్రకటించినందున 1933లో కాకినాడలో కళాశాల ఉద్యోగమును పోగొట్టుకొనిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. ఆయన తన కుమార్తెను దళిత యువకునికి ఇచ్చి వివాహము చేయ నిశ్చయించినప్పుడు, దైవభక్తుడైన గాంధీగారు ఆ వివాహమును తన సేవాగ్రామ ఆశ్రమమున జరిపించుటకు ఒప్పుకొనిరి. ఆ పెండ్లిలో దేవుని పేరునకు బదులు సత్యము పేరున ప్రమాణము చేయుటకును అంగీకరించిరి. 1948 జనవరి 30న గాంధీగారు హతులైరి. అయినను ఆ మార్చి నెలలో వివాహము అక్కడనే జరిగినది. ఒకరు నమ్మినవారు, ఒకరు నమ్మనివారు. ఒకరినొకరు మార్చుకొనలేదు గాని ఒకరి మాట ఒకరు వినిరి. అంటరానితనమను గోడను పడగొట్టు పనిలో ఇద్దరును చేయి వేసిరి.

మనకు మరి దగ్గరి సంగతి ఒకటి కలదు. గోరాగారి కుమారుడు లవణముగారి భార్య హేమలతగారు, క్రైస్తవ కుటుంబమున పుట్టిన మహాకవి గుఱ్ఱం జాషువగారి కుమార్తె. బ్రిటిషు ప్రభుత్వము నేరస్థులని ముద్రవేసిన ఎరుకలవారిని బాపట్ల దగ్గర స్టూవర్టుపురమున ఉంచి, ఆ వలసను నడపు పనిని సాల్వేషన్ ఆర్మీవారికి అప్పగించెను. స్వాతంత్ర్యము వచ్చిన చాలకాలమునకు, 1970ల దశాబ్దమున, హేమలతగారు లవణముగారు అదే ఊరికి వెళ్లి, దొంగలని పేరుపడినవారి ఇండ్లలో కూర్చుండి, వారిని మనుష్యులుగా ఎంచి మాటలాడిరి. ఒకప్పుడు క్రీస్తు నామమున మిషనరీలు నడచిన వీధులలో, తరువాత దేవుని పేరెత్తనివారు నడచిరి. తండ్రి ద్రాక్షతోటకు పోనని చెప్పియు పిమ్మట పోయిన కుమారుని ఉపమానము ఇచ్చట మన జ్ఞాపకమునకు రావలదా?

ఇట్లనుటవలన దేవుడు ఉన్నను లేకున్నను ఒక్కటేయని నేను చెప్పుటలేదు. ఆ విషయమున మాస్టారికిని నాకును ఈనాటికిని పొత్తు కుదరలేదు, నా విశ్వాసమును ఆయన యెదుట దాచుకొనుటయు లేదు. అయితే ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయములలోను దాని క్రియ వ్రాయబడియున్నదని పౌలు బోధించెను. మాస్టారు తన తల్లి పక్షముగా పడిన వేదన ఆ వ్రాతయే కాదా? అదే అధ్యాయములో, బోధించువారి నడతవలననే దేవుని నామము దూషింపబడుచున్నదని కూడ అపొస్తలుడు గద్దించెను. ఆ గద్దింపు నమ్మనివారికి కాదు, మనకే.

ఇంకొక సంగతి మరువరాదు. రెండవ శతాబ్దమున రోమా సామ్రాజ్యములో నాస్తికులని నిందింపబడినవారు క్రైస్తవులే. పట్టణపు దేవతలకు మ్రొక్కలేదు గనుక వారికి ఆ పేరు పెట్టిరి. స్ముర్నలో వృద్ధుడైన పొలికార్పును ఆ నిందమీదనే జనసమూహము మరణమునకు అడిగెను. ఆ మాట చెవిని పడినప్పుడు గుండె ఎట్లుండునో మన పితరులు ఎరిగినవారు. ఈ దినములలో నమ్మనివారికి దరఖాస్తు కాగితముమీద మతమను గడి నింపుటయే ఒక చిక్కు. తమ బిడ్డకు ఏ మతమును కులమును వ్రాయమనిన దంపతుల వ్యాజ్యములో, 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో అట్టివారికి గడి ఉంచవలెనని ఆదేశించినది. మనస్సాక్షి లేని మాట వ్రాయుమని బలవంతము చేయుట సత్యమును ప్రేమించువారికి తగదు.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు చేయుదము. మొదటిది, ఎవరి కొరకు ప్రార్థించుచున్నామో వారి మాట ముందు విందము. పౌలు ఏథెన్సులో నోరు తెరచుటకు ముందు పట్టణమంతయు సంచరించి చూచెను గదా. రెండవది, సంఘమును విడిచినవానిని నిందించుటకు ముందు అతనికి తగిలిన దెబ్బ మన చేతిది కాదేమో పరీక్షించుకొందము. మూడవది, మన నిరీక్షణకు హేతువు అడిగినవారికి పేతురు కోరినట్లు సాత్వికముతో జవాబు చెప్పుదము. అడుగకముందు మన నడతయే జవాబై యుండనిత్తము.

ఇప్పటికిని మాస్టారి కొరకు నేను ప్రార్థించుచున్నాను. ఆ సంగతి వారికి తెలియును. కిటికీ మూయుటలేదు గాని ప్రార్థన మారినది. ముందుగా ఆయన తల్లిని తలంచుకొందును. పిమ్మట ఆయనకు మంచి పొరుగువాడనై యుండుటకు నాకు కృప దయచేయుమని అడుగుదును. మీ గోడ ప్రక్కనను ఒకరు ఉందురు. ఈ నెలలో ఒక సాయంకాలము వారి అరుగుమీద కూర్చుండి, అడిగి, వినుడి.