గొంతు మనది, తాళం ఎవరిది?

మాట పుట్టిన చోటనే గాలిలో కలిసిపోతుంది. దాన్ని నిలబెట్టాలని మనిషి చేసిన ప్రయత్నాల్లో మొదటిది రాత, చాలా కాలం తరువాత వచ్చినది శబ్దలేఖనం. రాత మాటను నిలుపుతుందే కాని పలికిన గొంతును నిలపలేదు. హోసూరులోనో, బరంపురంలోనో, బళ్లారిలోనో, షోలాపూరులోనో తరాలుగా స్థిరపడిన మనబోటివాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. మన యాస, మన ఇళ్లలో ఆడవాళ్లు పాడే లాలిపాటలు, అప్పగింతల పాటలు చాలావరకు అచ్చుకెక్కలేదు. అవి గొంతులోనే ఉన్నాయి. అందుకే రికార్డు చేసి పెట్టుకోమని అందరూ చెబుతారు. అలా పెట్టుకున్నది రేపు వినబడుతుందా అని అడిగేవాళ్లు తక్కువ.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హోసూరు దగ్గరి పల్లెలో ఒక అవ్వ పాడిన పాటల్ని 2003లో ఇంటివాళ్లు జేబు రికార్డరులో పట్టి, కంప్యూటరులోకి ఎక్కించారు. అవ్వ వెళ్లిపోయింది. రికార్డరు చెడిపోయింది. ఇప్పుడు మనవడి కంప్యూటరులో ఉన్నది లినక్సు. అంటే మూలరచనను అందరికీ తెరిచి ఉంచిన ఆపరేటింగ్ సిస్టమ్. సీ-డాక్ సంస్థ చెన్నైలో తయారుచేసిన 'బాస్' కూడా ఆ కుటుంబానిదే. మనవడు ఫైలు నొక్కితే పాట రాదు. దీన్ని విప్పే సాధనం లేదన్న మాట తెర మీద కనబడుతుంది.

అతను ముందు చేయవలసింది రోగనిర్ణయం. ఫైలు పేరు చివర చుక్క పక్కన ఉండే అక్షరాలను నమ్మకూడదు. అవి సీసా మీద అంటించిన చీటీ వంటివి, ఎవరైనా మార్చవచ్చు. 'ఫైల్' అనే లినక్సు ఆదేశం లోపలి గుర్తులను చూసి అసలు రకం చెబుతుంది. ఇక డబ్బా వేరు, అందులోని సరుకు వేరు. శబ్దాన్ని కుదించి రాసే పద్ధతిని కోడెక్ అంటారు. ఒకే రకం డబ్బాలో వేరువేరు కోడెక్‌లు ఉండవచ్చు. 'ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్' ఈ రెండింటినీ విడివిడిగా చూపుతుంది. అవ్వ పాట మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూఎంఏ పద్ధతిలో ఉండి, దానికి వేరే తాళం లేకపోతే బెంగ లేదు. 2000లో మొదలైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పుతుంది. అలా కాక, అప్పట్లో సోనీ జేబు రికార్డర్లు కొన్ని వాడిన డీవీఎఫ్ రకమైతే చిక్కే. ఆ కంపెనీ ఇచ్చిన విండోస్ ప్రోగ్రాము ఉంటేనే అవి తెరుచుకునేవి. రాసిన పద్ధతిని కంపెనీ లోకానికి చెప్పలేదు.

ఇక్కడే నీతికి సంబంధించిన ప్రశ్న పుడుతుంది. పాట అవ్వది. పట్టింది ఇంటివాళ్లు. రికార్డరుకు డబ్బిచ్చింది కూడా వాళ్లే. మరి వినడానికి మూడోవాడి తాళంచెవి ఎందుకు కావాలి?

మన పిల్లల్లో చాలామంది తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో చదువుకుని, తాత రాసిన తెలుగు ఉత్తరం చదవలేకపోతున్నారు. అది కూడా నష్టమే. కాని ఆ ఉత్తరానికి తాళం లేదు. పెద్దబాలశిక్ష ఒకటి కొని కొన్ని నెలలు కూర్చుంటే తెరుచుకుంటుంది. అక్షరాలు దిద్దడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రహస్య పద్ధతిలో రాసిన ఫైలు సంగతి అలా కాదు. చదువుకుందామన్నా దాని బాలశిక్షను దాచేశారు. తెలియకపోవడం వేరు, తెలుసుకోనివ్వకపోవడం వేరు. మొదటిది మన బద్ధకం కావచ్చు, రెండోది మన చేతిలో లేనిది.

కనిపెట్టినవాడికి ప్రతిఫలం వద్దా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎంపీ3నే చూడండి. దాని వెనుక జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన శ్రమ ఉంది. దానికి పేటెంట్లు ఉండేవి, రుసుం ఉండేది. ఆ చిక్కు వల్లనే 2002లో రెడ్‌హ్యాట్ తన లినక్సు 8.0 నుంచి ఎంపీ3ని తీసివేసింది. దాని వారసురాలైన ఫెడోరాలో ఎంపీ3 మళ్లీ వినబడింది 2016లో. 2017లో ఫ్రాన్‌హోఫర్ తన లైసెన్సుల పథకాన్నే ముగించింది. పద్నాలుగేళ్లు ఎదురుచూడడం కష్టమే, కాని అన్యాయమని గట్టిగా అనలేం. ఎంపీ3 పద్ధతి 1993లోనే అంతర్జాతీయ ప్రమాణంగా అచ్చయింది. పేటెంటు అంటే లోకంతో ఒక ఒప్పందం: నేను కనుగొన్నది అందరికీ చెబుతాను, కొన్నేళ్లు కూలి ఇవ్వండి, ఆ తరువాత అది అందరిదీ. రహస్యానికి అలాంటి గడువు లేదు. కంపెనీ ఆ సరుకు మానేసినా, మూతపడినా రహస్యం రహస్యంగానే పాతిపెట్టబడుతుంది.

తెరిచి ఉంచితే వ్యాపారం చెడుతుందన్నదీ పూర్తి నిజం కాదు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన కాసెట్టును ఇతర కంపెనీలు రుసుం లేకుండా తయారుచేసుకోనిచ్చింది. అందుకే అది లోకమంతా పాకి, మన పల్లెల దాకా వచ్చింది. తాళం ఎక్కువైతే ఏమవుతుందో 2008లో చూశాం. ఎంఎస్ఎన్ మ్యూజిక్‌లో డబ్బిచ్చి కొన్న పాటలకు కొత్త కంప్యూటరులో అనుమతినిచ్చే సర్వర్లను ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. గొడవ జరిగాక గడువు పొడిగించింది. కొన్నవాడు తనది కొనుక్కున్నాననుకున్నాడు, నిజానికి అద్దెకున్నాడు.

అయితే తాళం పగలగొట్టడం తప్పు కాదా? ఎవరి పెట్టె అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. సినిమా పాట మరొకరి రచన, దాని తాళం తీసి పదిమందికి పంచితే రాసినవాడి, పాడినవాడి కూలి ఎగ్గొట్టినట్టే. అవ్వ పాటలో రికార్డరు కంపెనీకి వాటా లేదు. మన పెట్టెకు వాళ్లు వేసిన తాళం అది. మన కాపీరైటు చట్టంలో 2012లో చేరిన 65ఎ సెక్షను కూడా హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదించడాన్నే శిక్షార్హం చేసింది. గుప్తపద్ధతిని బయటి నుంచి పరిశీలించి, ఊహించి, సరిచూసుకుని విప్పే ప్రోగ్రాము రాసే వాళ్లను దొంగలనడం నాకు సబబుగా తోచదు. వాళ్లు పాత శాసనాల లిపిని పోల్చుకున్న పండితులకు దగ్గరి చుట్టాలు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ధర్మసంకటం తప్పలేదు. డెబియన్ 1997లో ప్రకటించిన సామాజిక ఒప్పందంలో తమ వ్యవస్థ పూర్తిగా స్వేచ్ఛాయుతంగా ఉంటుందన్న మాటా ఉంది, వాడుకరుల అవసరాలకు ప్రాధాన్యం ఇస్తామన్న మాటా ఉంది. ఈ రెండూ ఎప్పుడూ ఒక దారిన నడవవు. జీస్ట్రీమర్ అనే మరో ప్రాజెక్టు తన ఉపకరణాలను 'గుడ్', 'బ్యాడ్', 'అగ్లీ' అని విడదీసింది. బ్యాడ్ అంటే పనితనంలోనో పరిశీలనలోనో ఇంకా లోటున్నవి. అగ్లీ అంటే పనితనం బాగున్నా లైసెన్సో పేటెంటో చిక్కు తేగలవి. నవ్వు తెప్పించే పేర్లే అయినా అందులో నిజాయితీ ఉంది. అవసరం కోసం రాజీ పడితే రాజీ అని పేరు పెట్టి చెప్పాలి. స్వేచ్ఛ పేరుతో మనవడికి అవ్వ పాట వినబడకుండా చేయడం ధర్మం కాదు. వినిపించామన్న తృప్తితో తాళాన్ని మరిచిపోవడమూ ధర్మం కాదు.

గ్రియర్సన్ భాషా సర్వేలో భాగంగా 1913 మొదలు 1929 దాకా భారతీయ భాషలను గ్రామఫోను పలకల మీద రికార్డు చేశారు. ఆ గొంతులు ఇప్పటికీ వినబడుతున్నాయి. పలక మీది గాడి కంటికి కనబడుతుంది, తగిన ముల్లు ఉంటే మాట్లాడుతుంది. వందేళ్ల పలక పలుకుతుండగా ఇరవయ్యేళ్ల ఫైలు మూగబోవడం యంత్రం లోపం కాదు. అది మనుషులు చేసిన నిర్ణయం.

నిర్ణయమైతే మార్చుకోవచ్చు. ఇతరుల గొంతును దాచే ప్రతివాడూ ఒక విధంగా ధర్మకర్తే. రేపటివాడు ఎవరినీ బతిమాలుకోకుండా వినగలిగేట్టు దాచడం అతని బాధ్యత. పాత రికార్డరు పనిచేస్తూ ఉండగానే, కంపెనీ ప్రోగ్రాముతో కాకపోతే ఇయర్‌ఫోను రంధ్రం నుంచి తీగ వేసైనా సరే, ఆ శబ్దాన్ని మళ్లీ పట్టండి. దాన్ని 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతిలో దాచండి. దాని వివరాలు అందరికీ తెరిచి ఉన్నాయి, శబ్దంలో ఏదీ పోదు. ఎంపీ3 వంటి పద్ధతుల్లో పదేపదే మారిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. అసలు ఫైలును పారేయవద్దు, దాన్ని విప్పే దారి ఎవరైనా కనుక్కోవచ్చు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది పక్కనే మామూలు అక్షరాల్లో రాసి పెట్టండి. పాడేవాళ్లు మన ఇళ్లలో ఇంకా కొందరున్నారు, వాళ్లున్నప్పుడే ఈ పని జరగాలి.