కుక్కలో దేవుణ్ణి చూడమన్నారు, సరే... మరి దాని గొలుసు ఎవరు పట్టుకోవాలి?



పోయిన వారం వీడియోలో గీత ఐదో అధ్యాయంలోని సమదర్శనం గురించి మాట్లాడుకున్నాం కదా. చదువూ వినయమూ ఉన్న బ్రాహ్మణుడిలోనూ, ఆవులోనూ, ఏనుగులోనూ, కుక్కలోనూ, ఆ కుక్కని వండుకుని తినేవాడిలోనూ జ్ఞాని ఒకే తత్త్వాన్ని చూస్తాడని కృష్ణుడు చెప్పిన సంగతి. ఎడిటింగ్ చేస్తూ ఆ ముక్క నాలుగైదు సార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నాకు మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే రాకీయే గుర్తొచ్చింది. ఏనుగులో దేవుణ్ణి చూడటం నాకు కష్టం కాదండి, ఎందుకంటే మా లిఫ్టులో ఏనుగు ఉండదు.

రాకీ జర్మన్ షెపర్డ్. మూడో అంతస్తు అంకుల్‌ది. పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి ఆయన దాన్ని కిందికి తెచ్చి పార్కింగ్‌లో వదిలేస్తారు. మెడకి పట్టీ ఉంటుంది, గొలుసు మాత్రం ఉండదు. డెలివరీ అబ్బాయి బండి ఆపితే చాలు, మొరుగుతూ మీదికి వెళ్తుంది. ఒకసారి నా మీదికీ వచ్చింది. హెల్మెట్ అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయాను. అంకుల్ మెట్ల మీద నుంచే, "ఏం అనదు బాబూ, నువ్వు భయపడితేనే అది రెచ్చిపోతుంది" అన్నారు. అంటే తప్పు నా భయానిదన్నమాట!

నేనేం చేశాను? టైమింగ్స్ మార్చుకున్నాను. తొమ్మిదింటికి కాకుండా తొమ్మిదిన్నరకి ఇంటికి రావడం మొదలుపెట్టాను. ఆఫీసులో ఎవరైనా అడిగితే, "పాపం, మూగజీవి, దానికేం తెలుసు, మనమే సర్దుకుపోవాలి" అనేవాణ్ణి. ఆ మాట అంటున్నప్పుడు నాకు నేనే చాలా సాత్వికుడిలా కనిపించేవాణ్ణి.

అలా ఆరు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున వాచ్‌మెన్ కూతురు, ఏడేళ్ల పిల్ల, పాల ప్యాకెట్ల సంచి పట్టుకుని వస్తోంది. రాకీ ఉరికింది. పిల్ల పరిగెత్తి మెట్ల మీద పడింది. నేను కిందికి వెళ్లేసరికి గడ్డం చిట్లింది, మోచేతి కింద పంటి గీత ఉంది. గీత మీద రక్తం లేదు, కానీ చర్మం గీరుకుపోయింది. అంకుల్ కంగారుగా, "కరవలేదు, కరవలేదు" అంటున్నారు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. రక్తం రాకపోయినా పంటి గీతని తేలిగ్గా తీసుకోకూడదు. వెంటనే పారే నీళ్ల కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టకూడదు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు ఉండదు. ముందే టీకా వేయించుకుంటే మాత్రం ఆపొచ్చు. మేము పిల్లని దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం. గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకా అని చీటీ మీద రాసిచ్చారు.

ఆటోలో తిరిగొస్తుంటే పిల్ల తల్లిని అడిగాను, "అక్కా, ఇది మొదటిసారేనా?" అని.

"ఎక్కడి మొదటిసారి సార్! నేను పొద్దుగాల కింద ఊడుస్తుంటే రోజూ ఉరుకొస్తది. పెద్దోళ్ల కుక్క, ఏం జేస్తం? మీరందరు ఏం అంటలేరు గదా, మేమెట్ల అంటం?"

ఆ చివరి మాట దగ్గర నాకు ఆటోలో ఊపిరాడలేదు.

ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్తే వాడు, "దానికి అంత ఆలోచనెందుకురా, బిస్కెట్‌లో ఏదైనా పెట్టి పడేయ్, తెల్లారేసరికి పీడ విరగడైపోతుంది" అన్నాడు. నేను నవ్వాను. కానీ వద్దు అనలేదు. ఫోన్ పెట్టేశాక రెండు నిమిషాల పాటు నిజంగానే దాని గురించి ఆలోచించాను. ఏ షాపులో దొరుకుతుంది, ఎవరూ చూడకుండా ఎప్పుడు వెయ్యాలి, సీసీ కెమెరా ఎటు తిరిగి ఉంటుంది... ఆరు నెలలు మూగజీవి అని జాలి మాటలు చెప్పిన వాడు, రెండు నిమిషాల్లో అక్కడికి చేరాడు. విషం పెట్టి జంతువుని చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. కానీ ఆ రాత్రి నన్ను ఆపింది సెక్షన్ కాదు. పూజ గదిలో దీపం కొండెక్కిందేమో చూద్దామని వెళ్తే, కాలభైరవుడి పటం కనిపించింది. స్వామి పక్కన ఎవరున్నారో మీకు తెలుసు కదా!

అక్కడే కూర్చున్నాను. మహాభారతం మొదట్లోనే వచ్చే సరమ కథ గుర్తొచ్చింది. జనమేజయుడు తమ్ముళ్లతో కలిసి కురుక్షేత్రంలో యాగం చేస్తుంటే అక్కడికి ఒక కుక్కపిల్ల వస్తుంది. దేవశునకం సరమ కొడుకు. రాజు తమ్ముళ్లు ముగ్గురూ దాన్ని కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ ముందు కొడుకునే అడుగుతుంది, నువ్వు ఏమైనా తప్పు చేసి ఉంటావని. హవిస్సు వైపు కనీసం చూడను కూడా లేదంటాడు వాడు. అప్పుడు తల్లి నేరుగా యాగశాలకి వెళ్లి, ఏ తప్పూ చెయ్యని నా కొడుకుని ఎందుకు కొట్టారని అడుగుతుంది. వాళ్ల దగ్గర జవాబు లేదు. ఊహించని భయం మీకు వస్తుందని శపించి వెళ్లిపోతుంది.

సరమ వరుస చూడండి. ముందు తప్పు ఎవరిదో తేల్చుకుంది. తర్వాత బాధ్యులైన వాళ్ల ఎదురుగా నిలబడి అడిగింది. నేను ఈ రెండూ చెయ్యలేదు. ఆఫీసులో ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే ఎర్రర్ చూపించే స్క్రీన్‌ని ఎవరూ పగలగొట్టరు, మూలం ఎక్కడుందో వెతుకుతారు. రాకీకి నేర్పించలేదు, గొలుసు వెయ్యలేదు. ఆ రెండూ మనుషులు చెయ్యాల్సిన పనులు. మరి నా కోపం కుక్క మీదికి ఎందుకు పోయింది? అంకుల్ ముందు నోరు విప్పడం కన్నా చీకట్లో బిస్కెట్ విసరడం నాకు తేలిక కాబట్టి. నిజం ఇదేనండి.

ఇంకో ప్రశ్న దానికన్నా ఎక్కువ కుదిపింది. ఆరు నెలలు నేను చూపించింది క్షమా?

క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడికి ఉంటుంది. రాకీ నా మీదికి వచ్చింది, ఆ ఒక్క రోజుకి నేను క్షమించొచ్చు. కానీ పొద్దున ఆరింటికి పార్కింగ్ ఊడ్చే ఆవిడకి టైమింగ్ మార్చుకునే వీలు లేదు. సెల్లార్‌లో గదిలో ఉండే పిల్లకి వేరే దారి లేదు. నా ఓపిక ఖరీదు వాళ్లు కట్టారు. ఇంకొకరి దెబ్బని మనం క్షమిస్తే దానికి క్షమ అనే పేరు సరిపోదు. నా విషయంలో దాని పేరు పిరికితనం. దానికి అహింస అని స్టిక్కర్ అంటించుకున్నాను, అంతే.

"మరి సమదర్శనం సంగతేంటి?" అని మీరు అడగొచ్చు. రామకృష్ణ పరమహంస చెప్పిన ఏనుగు కథ మీలో చాలామందికి తెలుసు. అన్నింటిలో నారాయణుడున్నాడని గురువు చెప్తే విని, ఒక శిష్యుడు మదమెక్కిన ఏనుగుకి ఎదురుగా నిలబడతాడు. మావటి తప్పుకోమని అరుస్తున్నా వినడు. దెబ్బ తిన్నాక గురువు అడుగుతాడు, ఏనుగు నారాయణుడే సరే, మావటి కూడా నారాయణుడే కదా, ఆయన మాట ఎందుకు వినలేదని. నాకైతే ఆ కథలో మావటే కనిపించాడు. తన ఏనుగు అదుపు తప్పిందని ఒప్పుకుని, పక్కకి తప్పుకోండని అరిచాడాయన. ఏం అనదు బాబూ అనలేదు. చూపు సమానంగా ఉండాలన్నారు కానీ, జాగ్రత్తలు కూడా ఒకేలా ఉండాలని ఎవరూ అనలేదు.

మర్నాడు సాయంత్రం అంకుల్ వాళ్ల తలుపు కొట్టాను. చదువుకునే వెళ్లాను. ప్రమాదం జరగకుండా పెంపుడు జంతువుని అదుపులో పెట్టుకోకపోతే న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకో వైపు, అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని అసలు పెంచుకోకూడదని నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో చెప్పింది. అంటే కుక్క ఉండొచ్చు, వదిలెయ్యకూడదు.

"అంకుల్, రాకీని పంపించెయ్యమని అడగడానికి రాలేదు. గొలుసు లేకుండా కిందికి తీసుకురావద్దని అడగడానికి వచ్చాను" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్యాంటు కొంచెం పైకి లాగి మోకాలు చూపించారు. పాత గాయం. "గొలుసు పట్టుకుంటే నన్నే లాక్కుపోయింది బాబూ, రోడ్డు మీద బోర్లా పడ్డాను. అబ్బాయి కొన్నాడు దీన్ని, ఇప్పుడు వాడు కెనడాలో ఉన్నాడు. నాకు పట్టుకునే శక్తి లేదని నలుగురికీ ఎలా చెప్పుకోను?"

ఆరు నెలలు నేను ఆయన్ది పొగరు అనుకున్నాను. ఆయనకి సిగ్గు, నాకు భయం. మా ఇద్దరి మౌనానికి ఒక చిన్నపిల్ల గడ్డానికి కుట్లు పడ్డాయి.

జాలి వేసింది. కానీ జాలి వేసింది కదా అని అడిగింది వెనక్కి తీసుకోలేదు. "మీరు పట్టుకోలేకపోతే పట్టుకోగలిగే మనిషిని పెట్టాలి అంకుల్. ఇంకోసారి జరిగితే కంప్లైంట్ వెళ్తుంది, అప్పుడు రాకీని ఎవరో తీసుకుపోతారు. మిమ్మల్ని నమ్ముకున్నది అదే కదా" అన్నాను. స్వర్గం గుమ్మం దగ్గర ఇంద్రుడు రథం ఎక్కమన్నా, నన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కని వదిలి రానన్నాడు ధర్మరాజు. ఆ కథ మనం ఎప్పుడూ కుక్క మీద ప్రేమకి ఉదాహరణగా చెప్పుకుంటాం. నాకు ఇప్పుడు అది బాధ్యత కథలా కూడా వినిపిస్తోంది. వదలకపోవడం అంటే గొలుసు వదలకపోవడం కూడా.

ఇప్పుడు పరిస్థితి? అంకుల్ పిల్ల ఆసుపత్రి ఖర్చులు ఇచ్చారు. వాళ్ల గదికి వెళ్లి ఆమెకి క్షమాపణ చెప్పారు. నెల జీతానికి ఒక కుర్రాడిని పెట్టారు, అతను గొలుసు వేసి, మూతికి చిక్కం కట్టి రాకీని తిప్పుతాడు. రాకీ టీకాల కార్డు, మున్సిపల్ లైసెన్సు అసోసియేషన్‌కి చూపించారు. నాతో మాత్రం ఆయన రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. దాన్ని భరించాను. ఆ ఓపిక నా సొంత ఖర్చు, అందుకే భరించగలిగాను.

రాకీ అంటే నాకు ఇప్పటికీ భయమే. దాని కళ్లలో దేవుడు కనిపించేంత జ్ఞానం నాకు ఇంకా రాలేదు. కానీ పొద్దున ఆరింటికి ఆ అక్క భయం లేకుండా పార్కింగ్ ఊడుస్తున్న చప్పుడు మా బాల్కనీలోకి వినిపిస్తుంది. ప్రస్తుతానికి నా సమదర్శనం అక్కడిదాకా వచ్చింది.

మీ జీవితంలో కూడా ఇలాంటి సర్దుకుపోవడం ఏదైనా ఉంటే, ఒక్క ప్రశ్న వేసుకోండి. దాని ఖరీదు కడుతున్నది మీరా, ఇంకెవరైనానా? ఇంకెవరైనా అయితే, ఈ సాయంత్రమే వెళ్లి తలుపు కొట్టండి. మర్యాదగానే కొట్టండి, కానీ కొట్టండి.

శుభం. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.