ఉమ్మెత్త అడిగే ప్రశ్న

శివుడికని మా అమ్మ దొడ్డి గోడ పక్కన కోసే ఉమ్మెత్త పువ్వునే, తర్వాత నేను ఇంటర్ పిల్లలకు బ్లేడుతో చీల్చి చూపించేవాణ్ణి. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్‌చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త మొగ్గల్లోని పరాగకోశాలను తీసి గాజుపాత్రల్లో పోషకాలిచ్చి పెంచారు. లోపలి పుప్పొడి నుంచే పిండాలు లేచాయి. అండం లేదు, ఫలదీకరణ లేదు. మామూలు ఉమ్మెత్తకు 24 క్రోమోజోములు. వీటికి అందులో సగం, 12.

గర్భోపనిషత్తు ఏడో నెలలో పిండానికి జీవుడితో కలయిక అంటుంది. మరి ఈ తల్లిలేని మొక్కలో జీవుడు ఎప్పుడు చేరినట్టు? మా పురోహితుణ్ణి అడిగాను. ఆయన తడుముకోలేదు. "పుప్పొడిలో ముందే లేడని మీకెవరు చెప్పారు మాస్టారూ?"

గడుసు జవాబే. కానీ అప్పుడు గాలికి రాలిపోయే రేణువు రేణువుకీ ఒక జీవుణ్ణి లెక్కకట్టాలి. అది నాకు మింగుడుపడలేదు. జీవుడు బయటినుంచి వచ్చి దిగే అద్దెదారు కాడని, ప్రాణం కణం నుంచి కణానికి తెగకుండా సాగుతుందనీ నా నమ్మకం. ఆ మాటంటే ఆయన నన్ను చార్వాకుడన్నారు. ఆ పేరూ నాకు అతకదు. నాలుగు భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందని, పులిసిన సరుకులో మత్తు పుట్టినట్టేనని చార్వాకులు పోలికతో సరిపెట్టేశారు. ఏ పాళ్లలో కలవాలో అడిగితే ఏమనేవారో!