కనకాభిషేకం చేసిన చెయ్యి

తెలుగు సాహిత్యం చదువుకున్న ఆడవాళ్ళకి తంజావూరు పుట్టిల్లు లాంటిది. రఘునాథ నాయకుడి కొలువులో రామభద్రాంబ సంస్కృతంలో 'రఘునాథాభ్యుదయం' రాసింది. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం', 'ఉషాపరిణయం' రాసి, ఆ రాజు చేత కనకాభిషేకం పొందింది. తర్వాత మరాఠా ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. తమిళదేశంలో, కావేరి మాగాణుల మధ్య ఇంతమంది స్త్రీలు చదివి, రాసి, సభలో నిలబడ్డారని క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం తొంగిచూస్తుంది.

మొన్న వేసవి సెలవుల్లో అత్తగారితో, మా ఆయనతో, తొమ్మిదేళ్ళ పాపతో ఆ రాజభవనం చూడ్డానికి వెళ్ళాను. నాయకులు కట్టింది, మరాఠాలు పెంచింది. దర్బారు హాల్లో స్తంభాల మీదా కమానుల మీదా ఇంకా రంగులున్నాయి. చోళుల కంచు విగ్రహాలున్నాయి. శరభోజి పెంచి పోషించిన సరస్వతీ మహల్‌లో తాళపత్రాలున్నాయి. అన్నీ చూశాక పాప అడిగింది: "మరి ఆడవాళ్ళు ఎక్కడుండేవాళ్ళు?"

పాపకి చెప్పగలిగినంతే చెప్పాను. అత్తగారు మిగతాది కూడా చెప్పమన్నారు.

మదురై చొక్కనాథ నాయకుడు విజయరాఘవుడి కూతుర్ని పెళ్ళికి అడిగాడు. ఈయన ఇవ్వనన్నాడు. 1673లో మదురై సేన తంజావూరు మీద పడింది. ఓటమి ఖాయమని తెలిశాక ముసలి రాజు అంతఃపురం నిండా మందుగుండు పెట్టించి, సమయం రాగానే నిప్పు పెట్టమని కొడుక్కి చెప్పి, తాను యుద్ధానికి వెళ్ళి చనిపోయాడని చరిత్రకారులు చెబుతూ వచ్చారు. రాణులూ, మిగతా అంతఃపుర స్త్రీలూ ఆ పేలుడులో పోయారు. రంగాజమ్మ తల మీద బంగారం పోయించిన రాజు ఇతనే.

"మానం కాపాడుకున్నారు తల్లులు," అన్నారు అత్తగారు, చేతులు జోడించి.

నా చదువు నాకు నేర్పిన చెడ్డ అలవాటు ఒకటుంది. వాక్యంలో కర్త ఎవరో వెతుక్కోవడం. 'కాపాడుకున్నారు' అంటే కర్తలు ఆ స్త్రీలు. కానీ కథలో మందుగుండు తెప్పించింది రాజు, నిప్పు పెట్టింది యువరాజు. స్త్రీలు చేసిన పనంటూ ఈ కథలో ఒక్కటీ లేదు. 'ఆత్మాహుతి' అన్న మాటలో 'ఆత్మ' ఎవరిది? తెలుగులో 'చంపారు' అనే మంచి క్రియ ఉంది. రాజభవనాల దగ్గరికి వచ్చేసరికి మన నోళ్ళు ఎందుకో ఆ మాట పలకవు.

ఇదే అత్తగారితో అన్నాను. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "అంటే వాళ్ళకి మనసంటూ లేదంటావా? చావాలని వాళ్ళే అనుకుని ఉండొచ్చుగా? బలిపశువుల్ని చేసి నువ్వు మాత్రం వాళ్ళకిచ్చే గౌరవం ఏమిటమ్మాయ్?"

దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. 1947 మార్చిలో రావల్పిండి జిల్లా తోహా ఖాల్సాలో తొంభై మంది దాకా స్త్రీలు బావిలో దూకిన ఉదంతం గురించి రాస్తూ ఊర్వశీ బుటాలియా ఎదుర్కొన్న ప్రశ్నా ఇదే. వాళ్ళు నిర్ణయించుకున్నారంటే పితృస్వామ్యానికి వంత పాడినట్టవుతుంది. నిర్ణయించుకోలేదంటే చనిపోయినవాళ్ళ నోటి నుంచి చివరి మాట కూడా లాక్కున్నట్టవుతుంది. గెలిచిన సైన్యం ఆడవాళ్ళని ఏం చేస్తుందో అంతఃపురంలో వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. ఆ భయం అబద్ధం కాదు.

అయినా సమ్మతి అనే మాటకి అర్థం ఉండాలంటే, కాదనే వీలు కూడా ఉండాలి. కాదన్న స్త్రీ ఆ రోజు ఏ తలుపు తీసుకుని బయటికి పోయేది? కొందరు నిజంగానే సరేనని ఉండొచ్చు. అందరి కిందా మందుగుండు పెట్టినవాడికి మాత్రం ఎవరు సరేనన్నారో తెలుసుకోవలసిన అవసరం లేదు. నా అభ్యంతరం అక్కడ. వాళ్ళ ధైర్యం మీద కాదు.

చొక్కనాథుడికీ విజయరాఘవుడికీ మధ్య ఎంత వైరం ఉన్నా ఒక విషయంలో ఇద్దరిదీ ఒకే మాట: స్త్రీ శరీరం రాజ్యంలో భాగం. ఒకడు దాన్ని అడిగాడు, ఇంకొకడు ఇవ్వనన్నాడు, చివరికి ఎవరికీ దక్కకుండా చేశాడు. ఆ పెళ్ళికూతుర్ని ఎవరైనా అడిగారా అన్న సంగతి ఈ కథకి అక్కర్లేకపోయింది. ఇలా చూస్తే కనకాభిషేకమూ మందుగుండూ ఒకే చెయ్యి చేసిన పనులే అనిపిస్తుంది. ఖజానాలో విలువైనదాన్ని కళకళలాడేలా అలంకరిస్తాం, శత్రువు వస్తే తగలబెడతాం.

మరి రంగాజమ్మని చదవడం మానేయాలా? నేను మానను. అన్ని భాషలూ, ఛందస్సులూ నేర్చుకున్న బుర్ర ఆమెది, బంగారం మాత్రమే రాజుది. దక్షిణాంధ్ర యుగాన్ని 'స్త్రీల స్వేచ్ఛకి స్వర్ణయుగం' అని సెమినార్లలో మనం అనేస్తుంటే మాత్రం నాకు ఇబ్బందిగా ఉంటుంది. రాజు ఇష్టపడినంత కాలం ఉండే దాన్ని స్వేచ్ఛ అనొచ్చా? ఆదరణ అంటే సరిపోదూ? గ్రాంటులూ, ఫెలోషిప్పులూ, కాస్త దయగల గైడులూ ఉన్న మన కాలంలో కూడా ఈ తేడా అంత పాతబడలేదు.

ఆ అంతఃపురం నుంచి ఒక స్త్రీ బయటపడింది. పేలుడుకి ముందు ఒక దాది, పసివాడైన చెంగమలదాసుని తీసుకుని నాగపట్టణం చేరింది. అక్కడొక వర్తకుడి ఇంట్లో వాడు పెరిగాడు. వాడికి సింహాసనం ఇప్పిస్తానని బీజాపూరు తరపున వచ్చిన ఏకోజీ కొన్నాళ్ళకి తానే రాజయ్యాడు. మరాఠా తంజావూరు అలా మొదలైంది. రాజవంశపు మగబిడ్డ కాబట్టే ఆ దాదికి దారి ఇచ్చారన్నది స్పష్టం. చెంగమలదాసు పేరు ప్రతి చరిత్ర పుస్తకంలోనూ ఉంది. ఆమెని మాత్రం అన్నిచోట్లా 'ఒక దాది' అనే అంటారు. అత్తగారికి ఈ భాగం నచ్చింది. "అంత దూరం పసిబిడ్డతో ఎలా వెళ్ళిందో," అన్నారు. తంజావూరు నుంచి నాగపట్టణం ఎంత దూరమో మా ఆయన ఫోన్లో చూసి చెప్పారు. ఎనభై కిలోమీటర్ల పైమాటే.