చెప్పకుండా వచ్చే చుట్టం

చుట్టాలొస్తున్నారని ముందే కబురొస్తే ఇల్లు అద్దంలా పెట్టడం ఎవరికైనా చేతనవును. ఏ కబురూ లేకుండా మిట్టమధ్యాహ్నం ఎవరో తలుపు తట్టినప్పుడు మన వంటింటి గట్టు ఎలా ఉందన్నదే అసలు పరీక్ష. అలా ఊడిపడే చుట్టాలంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంటే. మనమీద నమ్మకం లేకనే కదా, అలా రావడం!

అందుకే మా బావగారితో వాదన పెట్టుకున్నాను. హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సుకి దగ్గర్లో చాలా ఏళ్ళు కాపురమున్న మనిషి ఆయన. పందెపు గుర్రాలకు మందులెక్కించారేమోనని, పందెం లేని రోజుల్లో కూడా చెప్పాపెట్టకుండా శాలలకు వెళ్ళి నెత్తురు తీసి చూసే పద్ధతి ఉందని చెప్పారు.

"మోసం జరిగేది పందెంలో కదా బావగారూ! ఆ రోజున చూసుకుంటే చాలదూ?" అన్నాను.

"చాలదు మరదలా. మందు ఒంట్లోంచి పోతుంది. పెంచిన కండ పోదు" అన్నారాయన.

స్టెరాయిడ్లతో కండ పెంచుతారట. ఎర్రకణాలు పెరగడానికి ఎరిత్రోపొయెటిన్ అనే మందు ఇస్తారట. అది కొద్దిరోజుల్లో పరీక్షకు అందకుండా పోయినా, ఇచ్చిన బలం వారాల తరబడి ఉంటుంది. పందెంనాటికి గుర్రం కడిగిన ముత్యం!

2013 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో, పేరుమోసిన గొడాల్ఫిన్ వారి శాలకు అధికారులు ఇలాగే వెళ్ళి 45 గుర్రాలను పరీక్షిస్తే 11 గుర్రాల్లో స్టెరాయిడ్లు బయటపడ్డాయి. శిక్షకుడు మహమూద్ అల్ జరూనీని 8 ఏళ్ళు నిషేధించారు. ఆ గుర్రాలు అప్పుడు పందేల్లో లేవు గనక అది తప్పని తనకు తోచలేదన్నాడాయన. చుట్టాలు లేనిరోజున ఇల్లెలా ఉంటేనేం అన్నట్టు లేదూ?

అయితే ఈ పరీక్షలు అనుకున్నంత సులువు కాదు. ఆటగాళ్ళయితే రోజుకో గంట ఎక్కడుంటారో ముందే రాసిస్తారు. గుర్రం రాయలేదుగా! ఈ వారం శాలలో, పైవారం ఎక్కడో దూరాన తోటలో ఉంటుంది. ఆచూకీ చెప్పాల్సింది యజమానో, శిక్షకుడో. దాచదలుచుకుంటే దాచేదీ వాళ్ళే. కొన్ని హార్మోన్లు గుర్రం ఒంట్లో సహజంగానే ఉంటాయి. పుట్టిందేదో, పొడిచిందేదో తేల్చడం కష్టం. జూలు వెంట్రుకల్లో కొన్ని మందుల జాడ నెలల తరబడి నిలిచినా, అన్నిటి జాడా నిలవదు. పైగా నొప్పికిచ్చే మందు జబ్బుగుర్రానికిచ్చి పడుకోబెడితే దయ. అదే మందిచ్చి పరుగెత్తిస్తే పాపం. సీసా ఒకటే. ఎందుకిచ్చారో నెత్తురు చెప్పదు.

ఇదంతా వింటుంటే నాకు జలంత్రకోటలో మా చిన్ననాటి పాలు గుర్తుకొచ్చాయి. అమ్మ రోజూ గుమ్మంలో లాక్టోమీటరు ముంచి చూసేది. చుక్క నీళ్ళుండేవి కావు. ఒకనాడు ఇంట్లో పేరంటానికి పాలు చాలక, తెల్లవారకుండానే అమ్మా నేనూ చెంబు పట్టుకుని పాలవాడి పాకకే వెళ్ళాం. అతను గేదెకి సూది పొడుస్తున్నాడు. అది నడుం వంచి వణుకుతోంది.

"ఏటి సేత్తామమ్మా, దూడ సచ్చిపోనాది. సూది ఎయ్యకపోతే సేపదు" అన్నాడు తలొంచుకుని.

అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక లాక్టోమీటరు కడిగి పెట్టెలో పెట్టేసింది. పాలు మంచివే. గేదె సంగతి మాత్రం పాలు చెప్పలేదు.

మరి నిజాయితీపరుడైన శిక్షకుడికి ఈ తలుపుతట్టడం అవమానం కాదా? కాదనను. నేనైనా నొచ్చుకుంటాను. కానీ ఆయనకు పోయేది కాస్త పొద్దూ, కొంచెం మర్యాదా. అవతల గుర్రానికి పోయేది కాళ్ళు, ఒక్కోసారి ప్రాణం. గెలిచిన డబ్బులో దానికి వాటా లేదు, ఓడిన పరువూ దానిది కాదు. వద్దని చెప్పే నోరూ లేదు.

చెప్పకుండా వచ్చే చుట్టాన్ని చూస్తే ఇప్పటికీ విసుక్కుంటాను. మా ఇంట్లో బాధొస్తే చెప్పుకోడానికి అందరికీ నోళ్ళున్నాయి మరి. నోరులేని జీవాన్ని కట్టేసిన చోటికి మాత్రం ఎవరో ఒకరు చెప్పకుండా వెళ్ళి తీరాలి. మీరేమంటారు?