చూసినవాడి ధర్మం

కావలి స్టేషన్‌లో చెన్నై–విజయవాడ రైళ్లు ఆగేది కాసేపే. చెప్పుల్లేకుండా బెంచీ చివర కూర్చుని, రైలొచ్చినప్పుడల్లా లేచి చూసే పిల్లవాణ్ని ముందు గమనించేది టీ అమ్మే మనిషే. ఆయన పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే సాయం కదులుతుంది.

కన్నవాడు కానివాడికి ఆ బాధ్యత ఎక్కడిది?

రామాయణంలో సీతను రావణుడు ఎత్తుకుపోయాడని రాముడికి చెప్పింది రెక్కలు తెగిన జటాయువు. ఆమె లంకలో ఉందని వానరులకు చెప్పింది సంపాతి. ఇద్దరికీ ఆమెతో రక్తసంబంధం లేదు. లూకా సువార్తలో కాపరి తొంభై తొమ్మిదింటిని విడిచి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్తాడు. చూసినందుకే చెప్పాలి, ఒక్కరైనా వెతకాలి. రెండు కథలూ పట్టుబట్టి చెప్పేది ఇదే.

వెతకడం పోలీసుల బాధ్యత కూడా: పిల్లలు తప్పిపోయారంటే వాళ్లు ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది 2013లో. తప్పిపోయిన బిడ్డ ఫొటోను వాట్సాప్‌లో పంపేవాళ్లకు, బిడ్డ దొరికాక దాన్ని తీసేయడం కూడా చూసినవాడి ధర్మంలో భాగమే.